పాఠం 9: ఇంటి వెచ్చదనం, ఇంధన పొదుపు – థర్మోస్టాట్ చరిత్ర

9.1 పరిచయం

బొగ్గు, ఆవిరి యంత్రం కర్మాగారాలను ఎలా మార్చాయో ఇంతకు ముందు పాఠాల్లో చదివారు. అదే బొగ్గు ఇళ్ల నేలమాళిగల్లోకి చేరి, చలి దేశాల కుటుంబ జీవితాన్ని ఎలా మార్చిందో ఈ పాఠంలో చూస్తారు. ముఖ్యంగా గోడకు బిగించే ఒక చిన్న పరికరం మన కథా వస్తువు. దాని పేరు థర్మోస్టాట్. గది ఎంత వెచ్చగా ఉండాలో మనం చెబితే, ఆ వెచ్చదనం తగ్గినప్పుడు పొయ్యిని వెలిగించి, సరిపోయినప్పుడు ఆర్పివేయడం దాని పని.

ఇళ్లను వేడి చేసుకునే అవసరం మన రాష్ట్రాల్లో దాదాపు లేదు కనుక ఇదంతా మనకెందుకని మీకు అనిపించవచ్చు. కానీ మీ ఇంట్లో ఆటోమేటిక్ ఇస్త్రీ పెట్టె ఉంటే థర్మోస్టాట్ కూడా ఉన్నట్టే. ఇస్త్రీ చేస్తుండగా "టిక్" మని చప్పుడై దీపం ఆరడం మీరు గమనించే ఉంటారు. లోపల రెండు వేర్వేరు లోహాలను అతికించిన ఒక పట్టీ ఉంటుంది. వేడెక్కితే ఒక లోహం ఎక్కువగా, రెండోది తక్కువగా వ్యాకోచిస్తుంది. దాంతో పట్టీ వంగి కరెంటు తెగిపోతుంది. చల్లబడగానే అది మళ్లీ తిన్నగా అయి కరెంటు అందుతుంది. గీజర్‌లోనూ ఇదే సూత్రం. మనం చెప్పుకోబోయే చరిత్రలో చాలా భాగం ఈ వంగే పట్టీ చుట్టూనే తిరుగుతుంది.

ఈ పాఠం చదివేటప్పుడు ఒక ప్రశ్నను మనసులో ఉంచుకోండి. ఇంధనం పొదుపు చేసేది పరికరమా, దాన్ని వాడే మనిషా, లేక ఆ మనిషి కట్టాల్సిన బిల్లా?

9.2 కోడిపిల్లల నుంచి తరగతి గది దాకా

వేడిని తనంతట తాను అదుపులో ఉంచుకునే పొయ్యిని మొదట తయారు చేసినవారిలో కార్నెలిస్ డ్రెబెల్ ఒకడు. హాలెండ్‌లో పుట్టి, 17వ శతాబ్దం తొలినాళ్లలో ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్ కొలువులో పనిచేశాడు. అతని పొయ్యిలో ఆల్కహాల్ నింపిన పాత్ర ఉండేది. పొయ్యి వేడెక్కితే ఆల్కహాల్ వ్యాకోచించి పాదరసాన్ని పైకి నెట్టేది. పాదరసంతో పాటు లేచే కడ్డీ పొయ్యికి గాలి వెళ్లే మూతను మూసేది. గాలి తగ్గితే మంట తగ్గుతుంది. అతను దీన్ని కోడిగుడ్లు పొదిగించడానికి కూడా వాడాడు. 18వ శతాబ్దం చివర్లో ఫ్రాన్సులో బొన్మాఁ అనే వ్యక్తి కూడా పారిస్ అంగడికి కోడిపిల్లలను పెంచడం కోసమే వేడినీటి గొట్టాలకు ఇలాంటి నియంత్రకాన్ని అమర్చాడు. మనిషి సుఖం కంటే ముందు ఈ విద్య కోడిగుడ్డుకు ఉపయోగపడింది. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. చలేస్తే మనిషి దుప్పటి కప్పుకుంటాడు, గుడ్డుకు ఆ అవకాశం లేదు.

థర్మోస్టాట్ అనే పేరు 1830 నాటిది. గ్లాస్గో రసాయన శాస్త్రవేత్త ఆండ్రూ యూర్ లోహపు పట్టీలతో చేసిన తన పరికరానికి పేటెంటు తీసుకుంటూ ఈ పేరు పెట్టాడు. వేడి అని ఒకటి, నిలకడ అని మరొకటి అర్థమిచ్చే రెండు గ్రీకు పదాల కలయిక ఇది. లోహాల జంట పట్టీ అంతకు ముందే ఉంది. 18వ శతాబ్దంలో జాన్ హారిసన్ ఓడల గడియారాల కోసం దాన్ని రూపొందించాడు. యూర్ మనసులో ఉన్నది ఇల్లు కాదు, కర్మాగారం.

ఇక్కడి నుంచి కథ అమెరికాకు మారుతుంది. 19వ శతాబ్దం రెండో సగంలో అక్కడి పెద్ద భవనాల్లో గదికొక పొయ్యి పోయి, నేలమాళిగలో ఒకే ఒక పెద్ద ఫర్నేస్, దాని నుంచి గదులకు గొట్టాలు వచ్చాయి. సౌకర్యం పెరిగినా కొత్త చిక్కు మొదలైంది. చలి తెలిసేది పై అంతస్తులో, మంట ఉండేది కింద. విస్కాన్సిన్ రాష్ట్రంలో వైట్‌వాటర్ ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో ఆచార్యుడిగా ఉన్న వారెన్ జాన్సన్ దీన్ని రోజూ చూసేవాడు. కళాశాల పనివాడు పాఠం జరుగుతుండగా ప్రతి గదిలోకీ వచ్చి ఉష్ణోగ్రత చూసుకుని, కిందికి వెళ్లి గాలి మూతలు సర్దేవాడు. జాన్సన్ 1883లో పేటెంటు పొందిన పరికరం చేసే పని చాలా చిన్నది. గది చల్లబడితే, లేదా మరీ వేడెక్కితే, కింద గంట మోగుతుంది. మూతను సర్దాల్సింది మళ్లీ మనిషే. 1885లో అతను మిల్వాకీలో పెట్టిన కంపెనీ తర్వాతి కాలంలో భవన నియంత్రణ రంగంలో పెద్ద సంస్థగా ఎదిగింది.

గంట విని మూత తెరిచే మనిషిని కూడా తొలగించినవాడు ఆల్బర్ట్ బట్జ్. స్విట్జర్లాండ్ నుంచి వలస వచ్చి మినియాపొలిస్‌లో స్థిరపడిన ఇతను 1885-86లో రూపొందించిన యంత్రంలో, గది చల్లబడగానే విద్యుత్ వలయం పూర్తయి, చిన్న మోటారు తిరిగి, ఫర్నేస్ గాలి మూతను గొలుసుతో పైకి లాగేది. అతని పేటెంట్లు చేతులు మారాయి. ఆ వారసత్వ సంస్థ 1927లో ఇండియానా రాష్ట్రానికి చెందిన మార్క్ హనీవెల్ కంపెనీతో కలిసి మినియాపొలిస్-హనీవెల్ అయింది. 1953లో ఆ సంస్థ విడుదల చేసిన గుండ్రటి థర్మోస్టాట్‌ను రూపశిల్పి హెన్రీ డ్రేఫస్ తీర్చిదిద్దాడు. దశాబ్దాల పాటు అమెరికన్ ఇళ్ల గోడల మీద అదే కనిపించింది.

ఈ దశ అంతటా థర్మోస్టాట్‌ను ప్రధానంగా అమ్మింది సుఖం పేరుతో, శ్రమ తప్పుతుందన్న మాటతో. తెల్లవారుజామున చలిలో లేచి నేలమాళిగలోకి దిగి బొగ్గు మంటను సరిచేసే పని ఇంట్లో ఎవరో ఒకరు చేయాల్సి వచ్చేది. మన ఇళ్లలో తెల్లవారుజామునే పొయ్యి రాజేసిన చేతులు ఎవరివో మీకు తెలుసు కనుక ఆ శ్రమ విలువ మీరు ఊహించగలరు. పొదుపు అనే మాట అప్పటికే లేకపోలేదు, కానీ అది రెండో మాట. బొగ్గు చవక, తర్వాత వచ్చిన చమురు, గ్యాస్ ఇంకా చవక. దాంతో సుఖం కోసం వచ్చిన పరికరం ఇల్లంతటినీ పగలూ రాత్రీ ఒకే వెచ్చదనంలో ఉంచే అలవాటును కూడా తెచ్చింది. ఇంతకు ముందు ఒక్క గదిలో పొయ్యి చుట్టూ కూర్చున్న కుటుంబం ఇప్పుడు ఖాళీ గదులను కూడా వేడి చేయసాగింది.

9.3 1973: వెచ్చదనం రాజకీయ విషయమైన సంవత్సరం

1973 అక్టోబరులో అరబ్ దేశాలు అమెరికాకు చమురు ఎగుమతులను నిలిపివేశాయి. పీపా ధర కొద్ది నెలల్లోనే దాదాపు నాలుగు రెట్లయింది. నవంబరులో అధ్యక్షుడు నిక్సన్ ప్రజలనుద్దేశించి మాట్లాడుతూ, ఇళ్లలో థర్మోస్టాట్‌ను కనీసం 6 డిగ్రీలు తగ్గించమని, పగటి సగటు 68 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 20 డిగ్రీల సెల్సియస్ ఉండేలా చూడమని కోరారు. నలభై నెలలు తిరగక ముందే, 1977 ఫిబ్రవరి 2న, కొత్తగా పదవిలోకి వచ్చిన కార్టర్ ఉన్ని స్వెట్టర్ వేసుకుని పొయ్యి పక్కన కూర్చుని టెలివిజన్‌లో కనిపించారు. పగలు 65, రాత్రి 55 డిగ్రీల ఫారెన్‌హీట్ చాలన్నారు. 55 అంటే సుమారు 13 సెల్సియస్. 1979లో ఆయన ప్రభుత్వం మరో అడుగు వేసి, ఇళ్లను మినహాయించి కార్యాలయాలు, దుకాణాల వంటి భవనాల్లో శీతకాలంలో 65కు మించి వేడి చేయరాదని, వేసవిలో 78కి దిగువన చల్లబరచరాదని నిబంధన పెట్టింది. రీగన్ అధికారంలోకి రాగానే, 1981లో, దాన్ని ఎత్తివేశారు.

చలిని ఓర్చుకోవడం దేశభక్తి అన్న వాదన ఎంతకాలం పనిచేస్తుంది? సంక్షోభం ఉన్నంతవరకే అని ఈ ఉదాహరణ చెబుతోంది. కార్టర్ స్వెట్టర్ ఆ తర్వాత రాజకీయ ఎగతాళికి గురైంది. నా అంచనాలో ఆయన చెప్పిన భౌతికశాస్త్రం సరైనదే. పొదుపును త్యాగంగా వర్ణించడమే దెబ్బతీసింది.

యూరప్‌లో దారి వేరు. డెన్మార్క్‌లో మాడ్స్ క్లాసెన్ స్థాపించిన డాన్‌ఫాస్ సంస్థ 1950ల నుంచే రేడియేటర్‌కే బిగించే థర్మోస్టాట్ కవాటాన్ని అమ్మింది. దానివల్ల ఇంటికంతటికీ ఒకే ఆజ్ఞ కాకుండా గదికొక ఆజ్ఞ ఇవ్వడం సాధ్యమైంది. పశ్చిమ జర్మనీ 1981లో తెచ్చిన నిబంధన ప్రకారం, అపార్ట్‌మెంట్లలో ఉమ్మడి బాయిలర్ ఖర్చును వాడకాన్ని బట్టి పంచాలి. అంతకు ముందు ఇంటి వైశాల్యాన్ని బట్టి పంచితే, కిటికీ తెరిచి వేడిని వృథా చేసినవాడూ, జాగ్రత్తగా వాడినవాడూ ఒకే లెక్కన కట్టేవారు. తూర్పు జర్మనీలో, సోవియట్ కూటమి నగరాల్లో పరిస్థితి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. కేంద్ర ప్లాంటు నుంచి గొట్టాల్లో వేడినీరు వస్తుంది. చాలా ఫ్లాట్లలో దాన్ని తగ్గించే కవాటమే లేదు, మీటరూ లేదు. ఉక్కపోస్తే మిగిలింది ఒక్కటే మార్గం: బయట మంచు పడుతుండగా కిటికీ తెరవడం. 1990 తర్వాత ఈ భవనాలకు కవాటాలు, మీటర్లు అమర్చడం పెద్ద కార్యక్రమమైంది.

మీరు గమనించండి: కవాటం ఉండి మీటరు లేకపోతే తగ్గించాలన్న ఆలోచన రాదు. మీటరు ఉండి కవాటం లేకపోతే తగ్గించే వీలు ఉండదు.

9.4 తగ్గిస్తే నిజంగా ఆదా అవుతుందా?

"ఇల్లు చల్లబడనిచ్చి మళ్లీ వేడి చేస్తే ఇంకా ఎక్కువ ఖర్చవుతుంది కదా?" అన్న సందేహం ఆ దేశాల్లో తరతరాలుగా ఉంది. ఇది తప్పు. ఎందుకో చూద్దాం. ఇంటి గోడల నుంచి, కిటికీల నుంచి బయటకు పోయే వేడి, లోపలికీ బయటికీ ఉన్న ఉష్ణోగ్రత తేడాను బట్టి ఉంటుంది. తేడా తక్కువైతే నష్టం తక్కువ. ఇల్లు చల్లగా ఉన్నంతసేపూ తక్కువ వేడి పోతుంది. మళ్లీ వేడి చేసేటప్పుడు గోడలకు తిరిగి ఇచ్చేది, అవి చల్లబడుతున్నప్పుడు మనం ఇవ్వకుండా మిగిల్చుకున్న వేడినే.

ఒక లెక్క మీరే వేయండి. బయట 0 డిగ్రీల సెల్సియస్, లోపల 20. రోజంతా అలాగే ఉంచితే 24 గంటలను 20తో గుణించి 480 అనుకుందాం. రాత్రి 8 గంటలు 17కు తగ్గిస్తే, 16 గంటలకు 320, 8 గంటలకు 136, మొత్తం 456. ఆదా 24, అంటే 5 శాతం. ఇప్పుడు బయట 10 డిగ్రీలున్న చోట ఇదే లెక్క వేస్తే 240 స్థానంలో 216 వస్తుంది. మిగిలింది అదే 24, కానీ శాతం చూస్తే 10. కనుక ఏదైనా ప్రకటనలో "ఇంత శాతం ఆదా" అని చదివినప్పుడు, ఏ ఊరిలో అని అడగడం చరిత్ర విద్యార్థికి కూడా అవసరమే. నిజజీవితంలో ఇల్లు 17కు వెంటనే దిగదు కాబట్టి ఆదా ఇంకా కొంత తక్కువే. మందపు గోడల ఇల్లు రాత్రంతా వేడిని పట్టి ఉంచుతుంది, అక్కడ తగ్గించినా పెద్దగా తేడా రాదు. అమెరికా ఇంధన శాఖ చెప్పే లెక్క ప్రకారం రోజుకు 8 గంటలు 7 నుంచి 10 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గిస్తే ఏడాదికి 10 శాతం వరకు ఆదా అవుతుంది. "వరకు" అన్న మాటను వదలకుండా చదవండి. హీట్ పంపుకు తోడుగా విద్యుత్ హీటరు ఉన్న ఇళ్లలో ఒక్కసారిగా వేడి పెంచితే ఖరీదైన ఆ హీటరు పనిలోకి దిగి, ఆదా కొంత కరిగిపోవచ్చు.

మనుషులు ఈ పరికరాన్ని ఎలా అర్థం చేసుకుంటారన్నది ఇంతకంటే ఆసక్తికరమైన విషయం. 1986లో మానవశాస్త్రవేత్త విల్లెట్ కెంప్టన్ అమెరికన్ ఇళ్లలో అడిగి చూసి, జనంలో రెండు సిద్ధాంతాలున్నాయని రాశాడు. కొందరు థర్మోస్టాట్‌ను మీట లాంటిదనుకుంటారు, సరిపోయిన చోట దానంతట అదే ఆగుతుందని వారికి తెలుసు. మరికొందరు దాన్ని కవాటం అనుకుంటారు, ఎంత తిప్పితే అంత జోరుగా వేడి వస్తుందని నమ్ముతారు. మన ఇంట్లో ఫ్యాన్ రెగ్యులేటర్ నిజంగానే ఈ రెండో రకం. 5 మీద పెడితే 3 మీద కంటే వేగంగా తిరుగుతుంది. ఆ అలవాటుతోనే ఎండలో నుంచి వచ్చి ఏసీని 16కు పెడతాం. సాధారణ ఏసీలో గది 24కు చేరడానికి పట్టే సమయం దీనివల్ల తగ్గదు. ఇన్వర్టర్ ఏసీలో కొంత తేడా ఉండవచ్చు. మనం మరచిపోతే మాత్రం గది 16 వైపు దిగుతూనే ఉంటుంది. కవాటం సిద్ధాంతం నమ్మేవారిని కెంప్టన్ మూర్ఖులనలేదు. తాము చేతితో తిప్పుతూ ఉంటారు కనుక రాత్రి తగ్గించడం కూడా వారే ఎక్కువగా గుర్తుంచుకుంటారని, ఆ తప్పు సిద్ధాంతం ఒక్కోసారి మంచి ఫలితమిస్తుందని చూపాడు.

9.5 తెలివైన పెట్టె: వాగ్దానం, సాక్ష్యం

రాత్రి తగ్గించి ఉదయం పెంచే పనిని గడియారానికి అప్పగించాలన్న ఆలోచన పాతదే. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లోనే గడియారం జోడించిన థర్మోస్టాట్లు వచ్చాయి. ఎలక్ట్రానిక్ చిప్‌లు చవకయ్యాక, వారానికి సరిపడా వేళలను నమోదు చేసుకునే రకం ఇంటింటికీ చేరింది. 1995లో అమెరికా పర్యావరణ సంస్థ వాటికి ఎనర్జీ స్టార్ ముద్ర ఇవ్వడం మొదలుపెట్టింది. పద్నాలుగేళ్ల తర్వాత, 2009 చివరికి, ఆ ముద్రను ఉపసంహరించుకుంది. కారణం, ఆశించిన ఆదా ఇళ్లలో కనిపించడం లేదు. లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకు చెందిన అలన్ మయర్ బృందం చేసిన పరిశీలనలు ఎందుకో చెప్పాయి: బటన్లు చిన్నవి, అమరిక గందరగోళం. చాలామంది వేళలను నమోదు చేయకుండా "ఆగు" అన్న మీట నొక్కి ఒకే అంకె మీద వదిలేశారు. గడియారం కూడా తప్పు సమయం చూపిస్తున్న ఇళ్లున్నాయి.

ఈ వైఫల్యం నుంచే "స్మార్ట్" థర్మోస్టాట్ పుట్టింది. మనిషి నమోదు చేయడు కనుక పరికరమే నేర్చుకోవాలి అన్నది దాని వెనుక ఆలోచన. ఆపిల్‌లో ఐపాడ్ రూపకల్పనకు నాయకత్వం వహించిన టోనీ ఫాడెల్, మాట్ రోజర్స్‌తో కలిసి స్థాపించిన నెస్ట్ సంస్థ 2011లో తన తొలి పరికరాన్ని విడుదల చేసింది. ఇంట్లో కదలిక ఉందా లేదా అని సెన్సర్ చూస్తుంది, లేకపోతే వేడి తగ్గిస్తుంది. మీరు ఏ వేళకు ఎంత పెడుతున్నారో గమనించి తానే వేళాపట్టిక రాసుకుంటుంది. ఫోన్ నుంచీ మార్చవచ్చు. 2014లో గూగుల్ ఆ సంస్థను 320 కోట్ల డాలర్లకు కొన్నది. థర్మోస్టాట్లు చేసే చిన్న సంస్థకు అంత ధర ఎందుకన్న ప్రశ్నకు, ఇంట్లో మనం ఎప్పుడు ఉంటామో, ఎప్పుడు నిద్రపోతామో అన్న సమాచారానికి కూడా విలువుందని ఆనాడే చాలామంది జవాబు చెప్పారు.

ఇప్పుడు సాక్ష్యాల సంగతి. 2015లో నెస్ట్ ప్రచురించిన పత్రం, వేడి చేయడంలో సగటున 10 నుంచి 12 శాతం, చల్లబరచడంలో సుమారు 15 శాతం ఆదా అని చెప్పింది. దీన్ని ఎలా చదవాలి? అబద్ధమని తోసిపుచ్చనవసరం లేదు. బిల్లుల లెక్కలు అందులో ఉన్నాయి. కానీ ఆ పరికరాన్ని కావాలని కొనుక్కున్నవారు పొదుపు మీద ముందే శ్రద్ధ ఉన్నవారు కావచ్చు. పత్రం రాసింది కూడా అమ్మే సంస్థే. రాజశాసనంలో రాజు విజయాలను చదివేటప్పుడు మీరు పాటించే జాగ్రత్తే ఇక్కడా వర్తిస్తుంది. దీనికి భిన్నంగా, కాలిఫోర్నియా ఇళ్లలో కొందరికి లాటరీ పద్ధతిలో స్మార్ట్ థర్మోస్టాట్ అమర్చి, మిగతావారితో 18 నెలల పాటు పోల్చిన ఆర్థికవేత్తల అధ్యయనం 2022లో వెలువడింది. చెప్పుకోదగిన ఆదా ఏదీ కనిపించలేదు. పరికరం పెట్టిన వేళలను మనుషులు తరచూ మార్చేశారు, ఎక్కువగా ఇంధనం ఖర్చయ్యే వైపే.

మరి ఏది నిజం? రెండూ కావచ్చు. పగలంతా ఖాళీగా ఉండి, పూర్వం రోజంతా 22 మీద వేడెక్కిన ఇంట్లో ఈ పెట్టె చాలా మిగులుస్తుంది. రాత్రి పడుకోబోయే ముందు ఎప్పుడూ చేత్తో తగ్గించే అవ్వ ఉన్న ఇంట్లో అది మిగల్చడానికి ఏమీ ఉండదు. ఆమె తెలివి ఆ పెట్టె కంటే తక్కువదేమీ కాదు. అమెరికా పర్యావరణ సంస్థ ఈ అనుభవం నుంచి ఒక పాఠం నేర్చింది. కొత్తగా ఇస్తున్న ఎనర్జీ స్టార్ ముద్రకు పరికరంలో ఏ సౌకర్యాలున్నాయన్నది కాక, నిజమైన ఇళ్ల నుంచి వచ్చిన సమాచారంలో ఆదా కనిపిస్తున్నదా అన్నది కొలబద్దగా పెట్టింది.

పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయన్నది మరో వివాదం. 2021 వేసవిలో టెక్సస్‌లో కొందరు గృహస్థులు మధ్యాహ్నం ఇల్లు ఉక్కగా ఉందని చూస్తే, థర్మోస్టాట్ అంకెను దూరం నుంచి ఎవరో పెంచారు. రాయితీ కోసం చేరిన ఒక పథకంలో, విద్యుత్ కొరత వేళ అలా మార్చే అనుమతి తామే ఇచ్చామన్నది చాలామందికి గుర్తు లేదు. 2025 అక్టోబరులో గూగుల్ తన తొలి రెండు తరాల నెస్ట్ పరికరాలకు ఇంటర్నెట్ సేవలను నిలిపివేసింది. అవి గోడ మీద సాధారణ థర్మోస్టాట్లుగా పనిచేస్తాయి గానీ ఫోన్ నుంచి అందవు. 1953 నాటి గుండ్రటి పెట్టెకు ఈ సమస్య ఎప్పుడూ రాలేదు.

ఇక 2022లో రష్యా గ్యాస్ తగ్గినప్పుడు యూరోపియన్ యూనియన్ గ్యాస్ వాడకాన్ని 15 శాతం తగ్గించుకోవాలని పెట్టుకున్న లక్ష్యం ఆ శీతకాలంలో దాటింది. జర్మనీ ప్రభుత్వ కార్యాలయాల్లో 19 డిగ్రీల సెల్సియస్‌కు మించి వేడి చేయరాదన్న ఉత్తర్వు వచ్చింది. ఆ ఏడాది చలి తక్కువగా ఉండటం, గ్యాస్ ధర విపరీతంగా పెరగడం, కర్మాగారాలు ఉత్పత్తి తగ్గించడం ఇందుకు తోడ్పడ్డాయి. థర్మోస్టాట్ పాత్రను వీటి నుంచి వేరు చేసి చెప్పడం కష్టం. బిల్లు చూసి తగ్గించినవారిలో చాలామంది వాడింది రేడియేటర్ పక్కన తిప్పే పాత కవాటాన్నే.

9.6 మన ఏసీ రిమోట్

మన దేశంలో ఇదే చర్చ తలకిందులుగా, చల్లదనం గురించి జరుగుతోంది. ఇంధన సామర్థ్య బ్యూరో నిబంధన ప్రకారం 2020 జనవరి 1 నుంచి తయారయ్యే స్టార్ గుర్తు గల గది ఏసీలు 24 డిగ్రీల వద్ద మొదలవ్వాలి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్ ఆదా అవుతుందని బ్యూరో చెబుతుంది. అయితే 24 అనేది మొదలయ్యే అంకె మాత్రమే, వాడేవారు రిమోట్‌తో ఎంతైనా తగ్గించుకోవచ్చు. 2025 జూన్‌లో కేంద్ర విద్యుత్ మంత్రి, కొత్త ఏసీలను 20 నుంచి 28 డిగ్రీల మధ్యే పనిచేసేలా పరిమితం చేసే ఆలోచనను ప్రకటించారు. 1979 నాటి అమెరికా నిబంధన ఇళ్లను వదిలి కార్యాలయాలకే పరిమితమైందని పైన చదివారు. ఈ ప్రతిపాదనలో హద్దు యంత్రంలోనే ఉంటుంది కాబట్టి ఇల్లు, కార్యాలయం అన్న తేడా ఉండదు. ఈసారి మీ ఇంట్లోనో, మీరు పనిచేసే చోటో ఏసీ వేసినప్పుడు అది ఏ అంకె మీద మొదలైంది, అరగంట తర్వాత ఏ అంకె మీద ఉంది, మధ్యలో రిమోట్ ఎవరి చేతిలోకి వెళ్లింది అన్నవి ఒక వారం పాటు రాసి పెట్టుకుని, మీ అధ్యయన కేంద్రంలో జరిగే సంప్రదింపు తరగతికి తీసుకురండి.